వైజాగ్‌లోనే ఉండి బొమ్మల మీద బతకొచ్చా అంటే: ఉద్యోగం మానే ముందు ఇది చదువు తమ్ముడూ

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివేను. గాజువాకలో ఇల్లు, మధురవాడలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, రాత్రి పది దాటేక తెలుగు అక్షరాలు రాసుకోవడం, ఆదివారాలు గోడల మీద బొమ్మలెయ్యడం, ఇన్‌స్టాలో 8 వేలమంది ఫాలోవర్లు. నాన్నగారేమో స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైరైన మనిషి, నెల జీతం వదులుతానంటే ఒప్పుకోవట్లేదు. ఉద్యోగం మానెయ్యాలా, హైదరాబాద్ వెళ్ళిపోవాలా, రేటు ఎంత చెప్పాలి, లాసన్స్ బేలో ఫ్రెండు పెడుతున్న కేఫ్ గోడ ఫ్రీగా వేసివ్వాలా, ఇవీ నీ ప్రశ్నలు. నాకు తెలిసినంత వరకు చెప్తాను, కొంచెం పెద్దదే అవుద్ది, ఓపిగ్గా చదువు.

ముందు నేనెవరో చెప్పాలి కదా. మా నాన్న అల్లిపురంలో బోర్డులు రాసేవారు, ఎనామెల్ పెయింటు, ఉడత తోక బ్రష్షు, చెయ్యి వణక్కుండా ఆనించుకోడానికి ఒక కర్ర. నేను పన్నెండేళ్ళప్పట్నుంచి ఆయన గీసిచ్చిన అక్షరాల్లో రంగు నింపేదాన్ని. 2000 తరవాత ఫ్లెక్స్ వచ్చింది, నాలుగైదేళ్ళలో చేత్తో రాసే పని మా వీధి మొత్తం మీద ఆగిపోయింది, నాన్నలాంటి వాళ్ళు కొంతమంది ఇళ్ళకి సున్నాలెయ్యడానికి పోయేరు. నేను ఒక ప్రెస్సులో డీటీపీకి చేరి పేజ్‌మేకర్, కోరెల్‌డ్రా నేర్చుకున్నాను, నెలకి 1,800 జీతం. అక్కణ్ణుంచి శుభలేఖలు, లేబుళ్ళు, షాపు బోర్డులు, మళ్ళీ ఈ పదేళ్ళలో గోడ బొమ్మలు. ఇప్పుడు ఎంవీపీ కాలనీలో చిన్న స్టూడియో, నాతో కలిపి ముగ్గురం. అద్దె, జీతాలు, పిల్లల ఫీజులు అన్నీ దీన్నుంచే.

నీ మొదటి ప్రశ్నకి నా జవాబు: ఫాలోవర్ల లెక్క చూసి ఉద్యోగం మానకు, రెండోసారి వచ్చినవాళ్ళ లెక్క చూసి మాను. ఏటంటే, మొదటిసారి పని ఇచ్చీవాళ్ళు నీ మీద అభిమానంతో ఇస్తారు, చుట్టరికంతో ఇస్తారు, పోస్టు చూసి ముచ్చటపడి ఇస్తారు. రెండోసారి వచ్చేవాడు మాత్రం లెక్కేసుకుని వస్తాడు, నీ పని వల్ల వాడికి ఏదో ఒరిగింది, టైముకి ఇచ్చేవు, గొడవ పెట్టలేదు, అందుకే వచ్చేడు. డాబాగార్డెన్స్‌లో ఒక బేకరీ ఆయన ముందు ఒక్క కేకు డబ్బా మీద స్టిక్కర్ కోసం వచ్చేడు, 400 రూపాయల పని. పదకొండేళ్ళయింది, ఆ బేకరీ బోర్డు, డబ్బాలు, సంక్రాంతి కేలండర్, రెండో బ్రాంచి గోడ, ఆఖరికి వాళ్ళమ్మాయి పెళ్ళి శుభలేఖ కూడా నేనే చేసేను. నా స్టూడియో అద్దె ఇలాంటి పదీ పదిహేను మంది మీద నడుస్తోంది, వాళ్ళలో సగం మందికి ఇన్‌స్టా ఎకౌంటే లేదు.

అందుకని ఒక నోట్‌బుక్ పెట్టుకో. ఎవరిచ్చేరు, ఏం పని, ఎంత, డబ్బు ఎప్పుడొచ్చింది, మళ్ళీ వచ్చేరా. ఆరు నెలల ఇంటి ఖర్చు బేంకులో ఉండి, చుట్టాలూ ఫ్రెండ్సూ కానివాళ్ళు కనీసం నలుగురు డబ్బిచ్చి రెండోసారి వచ్చేక అప్పుడు మానే సంగతి ఆలోచించు. అప్పటిదాకా పొద్దున్న రెండు గంటలు, శని ఆదివారాలు. ఇంకోటి, నీ అపాయింట్‌మెంట్ లెటర్ తీసి చదువు, బయట పని చెయ్యకూడదని చాలా కంపెనీలు అందులో రాస్తాయి, ఆఫీసు లాప్‌టాప్‌లో మాత్రం నీ డిజైన్ ఫైల్ ఒక్కటి కూడా తెరవకు.

హైదరాబాద్ సంగతి. వెళ్తే తప్పేం లేదు, సినిమా టైటిళ్ళు, పెద్ద ఏజెన్సీలు అక్కడే ఉన్నాయి. కానీ "మన ఊళ్ళో ఆర్ట్‌కి ఏముంది" అని నువ్వు రాసేవు చూడు, అది మాత్రం నాకు బాధనిపించింది. రెండొందల యాభై ఏళ్ళ కిందట ఈ విశాఖపట్నం పేరు ఇంగ్లండులో తెలిసిందే పనితనం వల్ల. ఇక్కడి కంసాలి పనివాళ్ళు టేకు, నల్లచేవ, గంధం చెక్కలతో పెట్టెలూ కుర్చీలూ బల్లలూ చేసి, వాటికి ఏనుగుదంతం తాపడం చేసి, దంతం మీద సన్నగా లతలు చెక్కి ఆ గీతల్లో లక్క నింపేవారు. కొనేవాళ్ళు ఈస్టిండియా కంపెనీ దొరలు. వస్తువు రూపం దొరలకి కావలసింది, టీ ఆకు దాచుకునే పెట్టె, ఉత్తరాలు రాసుకునే బల్ల, చెయ్యి మాత్రం మన వాళ్ళది, లతలు మన వాళ్ళవి. లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఇప్పటికీ వాటిని విజగపటం (ఇంగ్లీషువాళ్ళు మన ఊరిని పిలిచిన పేరు) పనితనం అనే పిలుస్తారు. దంతం వ్యాపారం మన దేశంలో నిషేధం, అది పోవడమే మంచిది. నేను చెప్పేది ఆ పనివాళ్ళ తెలివి గురించి. వాళ్ళు ఊరు వదిలి వెళ్ళలేదు, ఊళ్ళోకి వచ్చినవాళ్ళ ఇంట్లో ఏం వస్తువు వాడతారో తెలుసుకున్నారు.

దగ్గర్లో ఇంకోటి చూడాలంటే ఏటికొప్పాక వెళ్ళు, వరాహ నది ఒడ్డున, ఎలమంచిలి దాటేక. అంకుడు కర్ర లేతు మీద తిరుగుతుంటే లక్క కడ్డీ ఆనిస్తారు, ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకి పడుతుంది, తరవాత మొగలి ఆకుతో మెరుగు. ఒకప్పుడు రసాయన రంగుల మీదకి వెళ్ళి, పిల్లలు నోట్లో పెట్టుకునే బొమ్మలకి ఆ రంగులేంటని బేరాలు దెబ్బతినే రోజులొస్తే, సి.వి. రాజుగారు చెట్ల నుంచి, గింజల నుంచి తీసిన రంగులు లక్కలో కలపడం మీద ఏళ్ళ తరబడి పనిచేసేరు. 2017లో ఆ బొమ్మలకి జీఐ (ఈ ఊరి వస్తువే అని చెప్పే) గుర్తింపు వచ్చింది, 2023లో ఆయనకి పద్మశ్రీ ఇచ్చేరు, 2025 రిపబ్లిక్ డేకి ఢిల్లీలో మన రాష్ట్రం శకటం ఏటికొప్పాక బొమ్మలే. ఒక్క పూట అక్కడ కూర్చుని చూస్తే నీకు అర్థమవుద్ది, అందంగా ఉండడం అక్కడ సగం పనే, పిల్లాడు నోట్లో పెట్టుకున్నా ఫర్వాలేదు అని తల్లికి నమ్మకం కలగడం మిగతా సగం.

మరి మన ఊళ్ళో నీకు పనిచ్చేది ఎవరు? అరకు, లంబసింగి వైపు హోమ్‌స్టేలు, కాఫీ, మిరియాలు, తేనె ప్యాకెట్లు చేసుకునే చిన్నవాళ్ళు, డాక్టర్ల క్లినిక్కులు (పిల్లల డాక్టరైతే గోడ బొమ్మ తప్పకుండా వేయిస్తాడు), ప్లేస్కూళ్ళు, అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు, బొటిక్కులు, పెళ్ళిళ్ళు. వీటికి ఒక కాలం ఉంటుంది, దాన్ని ఎవరూ చెప్పరు, నేను దెబ్బతిని నేర్చుకున్నాను. ఆషాఢంలో, మూఢం నెలల్లో శుభలేఖల పని సున్నా, పంచాంగం తెచ్చుకుని ఏడాది ముందే ఆ నెలలు ఎర్ర ఇంకుతో గుర్తు పెట్టుకో. స్కూలు గోడలు ఏప్రిల్, మే, ఎండలో చెయ్యాలి కానీ డబ్బు బాగుంటుంది. కేలండర్ల ఆర్డర్లు దసరా వెళ్ళగానే పట్టుకోవాలి, డిసెంబర్‌లో వెళ్తే ప్రెస్సువాడికి ఖాళీ ఉండదు. నేవీ డే విన్యాసాలు మన ఊళ్ళో జరిగినప్పుడు బీచ్‌రోడ్‌లో ఊరంతా ఉంటుంది, కుర్సురా సబ్‌మెరైన్ మ్యూజియం చూసి బయటికొచ్చిన వాళ్ళు చేతిలో పట్టుకెళ్ళడానికి మన ఊరి బొమ్మ ఉన్న మంచి పోస్టుకార్డో ఫ్రిజ్ మేగ్నెట్టో దొరకట్లేదని నాకు ఎప్పట్నుంచో ఉంది, నీలాంటి కుర్రాళ్ళు దాని మీద మనసు పెట్టాలి. కైలాసగిరి, డాల్ఫిన్స్ నోస్, భీమిలి, తొట్లకొండ, పూర్ణా మార్కెట్ ఇవన్నీ నువ్వు చూస్తూ పెరిగినవి, బయటనుంచి వచ్చిన డిజైనర్ ఫొటో చూసి వేస్తాడు.

నీ అసలు బలం నీ తెలుగు అక్షరాలు, ఇది నేను గట్టిగా చెప్తాను. ఇంగ్లీషు లోగో ఎవరైనా చేసిస్తారు, తెలుగు పేరు అందంగా, తప్పు లేకుండా రాసేవాళ్ళు ఊళ్ళో వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. కానీ చేత్తో రాయడంతో సరిపోదు, ప్రెస్సు దాకా తెలుసుకోవాలి. చాలా ప్రెస్సుల్లో ఇంకా అను అనే పాత తెలుగు ఫాంట్లే నడుస్తున్నాయి, ఆ ఫైలు ఆ ఫాంటు లేని సిస్టంలో తెరిస్తే పిచ్చి గీతలే. నువ్వు యూనికోడ్‌లో (ఏ సిస్టంలోనైనా చదవగలిగే అక్షరాల్లో) చేస్తావు, ఇన్‌డిజైన్‌లో, పాత ఫోటోషాప్‌లో టెక్స్ట్ సెట్టింగ్ వరల్డ్ రెడీకి మార్చకపోతే ఒత్తులు విడిపోతాయి. అందుకని ప్రెస్సుకి పంపే ముందు అక్షరాల్ని కర్వ్స్ (ఫాంటు అక్కర్లేని గీతలు) చేసి పీడీఎఫ్ పంపు, రంగులు సీఎంవైకే (ప్రెస్సు వాడే నాలుగు ఇంకులు), చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కోతకి వదిలే అంచు). పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి కాబట్టి లైనుకీ లైనుకీ మధ్య ఇంగ్లీషు కంటే ఎక్కువ ఖాళీ వదలాలి, ఇది వదలకే సగం తెలుగు బోర్డులు ఇరుగ్గా ఉంటాయి. ఫాంట్లు కొనే డబ్బు లేకపోతే గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మండలి, సూరన్న, గిడుగు ఇవన్నీ ఓపెన్ లైసెన్స్‌వి, కస్టమర్ పనికి కూడా వాడుకోవచ్చు, దొంగ ఫాంట్ల జోలికి వెళ్ళకు.

ప్రూఫు మీద కస్టమర్ చేత ఓకే రాయించుకో. 2009లో ఒక శుభలేఖలో ముహూర్తం టైము తప్పు పడింది, రాత్రి అని ఉండాల్సింది పగలు అని పడింది, ఇచ్చిన కాగితంలోనే తప్పుందని నేను, లేదని వాళ్ళు. 600 కార్డులు నా డబ్బుతో మళ్ళీ వేయించేను, మా ఇంట్లో ఆ నెల బియ్యం అప్పు. అప్పట్నుంచి ఆఖరి ప్రూఫు పంపి "పేర్లు, తేదీ, టైము, అడ్రస్ చూసేను, ప్రింట్ చెయ్యండి" అని వాళ్ళ చేత్తో వాట్సాప్‌లో మెసేజ్ వస్తేనే ప్రెస్సుకెళ్తాను, మా సొంత చెల్లి పెళ్ళికి కూడా అంతే చేసేను.

ఇప్పుడు రేటు. నువ్వు గోడకి చదరపు అడుగుకి 60 రూపాయలు చెప్తున్నానని రాసేవు, ఎక్కణ్ణుంచి వచ్చింది ఆ అంకె? పక్కవాడు చెప్తున్నాడనే కదా. ఇలా కట్టు. నీకు నెలకి 30 వేలు కావాలనుకో. నెలలో డబ్బొచ్చే పని రోజులు పన్నెండు కంటే ఉండవు, మిగతావి మాట్లాడ్డం, గోడ చూసి రావడం, కొటేషన్, బాకీ వసూలు, ప్రెస్సు చుట్టూ తిరగడం. అంటే రోజుకి 2,500. పది అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తు గోడ, స్కెచ్చికి ఒక రోజు, గోడ తయారీకి ఒక రోజు, వెయ్యడానికి మూడు, మొత్తం ఐదు రోజులు, 12,500. రంగులూ నిచ్చెన అద్దె ఆటో కలిపి 4 వేలు. పైన ఒక పదిహేను శాతం, ఎందుకంటే తప్పకుండా "ఈ చేపని కొంచెం పైకి జరపరా" అంటారు. మొత్తం 19 వేలు, అడుగుకి 240 దాకా పడింది. అంటే నువ్వు 60కి చేసిన ప్రతి గోడకీ మిగతాది నీ సాఫ్ట్‌వేర్ జీతం కడుతోంది. జీతం ఉన్నన్నాళ్ళూ అది నీకు కనపడదు, ఉద్యోగం మానిన రెండో నెలలో కనపడుతుంది. కస్టమర్ బేరమాడితే రేటు తగ్గించకు, పని తగ్గించు, మొత్తం గోడ బదులు మధ్యలో ఒక బొమ్మ, ఐదు రంగుల బదులు రెండు.

అడ్వాన్సు లేకుండా బ్రష్షు ముట్టుకోకు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చిందే, నువ్వు అప్పుడు స్కూల్లో ఉండుంటావు, ఊళ్ళో ఒక్క బోర్డు మిగల్లేదు, ఫ్లెక్సులన్నీ ఎగిరిపోయేయి. కరెంటు వచ్చేక షాపులవాళ్ళందరూ ఒకేసారి వచ్చేరు, రెండు నెలల్లో 23 బోర్డులు చేసేను, తుఫానులో నష్టపోయిన వాళ్ళని అడ్వాన్సు ఏం అడుగుతామని అడగలేదు. ఏడుగురి దగ్గర పూర్తి డబ్బు ఇప్పటికీ రాలేదు. వాళ్ళు చెడ్డవాళ్ళని అనను, వాళ్ళకి ముందు సరుకు అప్పు తీర్చాలి, మనం ఆఖరు. 2016 ఫిబ్రవరిలో నేవీ ఓడల ఫ్లీట్ రివ్యూకి ఊరు ముస్తాబు చేస్తున్నప్పుడు ఒక మధ్యవర్తి కింద గోడలు చేసేను, నోటి మాట మీద, ఆ డబ్బు చేతికొచ్చేసరికి పద్నాలుగు నెలలు. ఇప్పుడు నా పద్ధతి సగం ముందు, ముప్ఫై శాతం స్కెచ్ ఓకే అయ్యేక, మిగతా ఇరవై ఫైళ్ళు ఇచ్చే ముందు. స్నేహితులకైనా ఇంతే, వాళ్ళూ ఏమనుకోరు, ఒక్కసారి అలవాటైతే.

కాగితాల పని అంటే భయపడకు. ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకి ప్రభుత్వ నమోదు) ఆధార్, పాన్ ఉంటే ఆన్‌లైన్‌లో ఫ్రీ, ఎవరైనా డబ్బడిగితే అది వేరే సైటు. అది పని మొదలెట్టే ముందే ఉంటే, కొన్నవాళ్ళు రాసుకున్న గడువులోగా ఇవ్వాలి, ఆ గడువు కూడా 45 రోజులు దాటకూడదు, ఏమీ రాసుకోకపోతే 15 రోజులు, 2006 నాటి ఎంఎస్ఎంఈ (చిన్న పరిశ్రమల) చట్టంలోనే ఉంది. దాటితే వడ్డీ కట్టాలి, ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టుకోవచ్చు. నేను బిల్లు కింద ఆ ఒక్క లైను రాయడం మొదలుపెట్టేక కంపెనీల నుంచి డబ్బు రావడం చాలా మారింది. కంపెనీ ఏడాదికి 50 వేలు దాటి డిజైన్ ఫీజు ఇస్తే మామూలుగా పది శాతం టీడీఎస్ (ముందే కోసే పన్ను) పట్టుకుంటుంది, పాన్ ఇవ్వకపోతే ఇరవై, కంగారు పడకు, రిటర్న్ వేస్తే లెక్కలో సర్దుతారు. జీఎస్టీ సర్వీసులకి ఏడాదికి 20 లక్షల టర్నోవర్ దాటేక, బయట రాష్ట్రాలకి వస్తువులు అమ్ముతానంటే మాత్రం ముందే ఆడిటర్ని కలువు.

కాపీరైట్ విషయంలో మన వాళ్ళు ఎక్కువ మోసపోయేది ఇక్కడే, జాగ్రత్తగా చదువు. డబ్బు తీసుకుని ఎవరికోసమో పెయింటింగో పోర్ట్రెయిటో వేస్తే, వేరే ఒప్పందం లేకపోతే, 1957 చట్టం ప్రకారం దాని కాపీరైట్ వేయించుకున్నవాళ్ళదే. కాబట్టి ఆ బొమ్మని నువ్వు తరవాత ప్రింట్లుగా అమ్ముకోవాలనుకుంటే "కాపీరైట్ ఆర్టిస్టుదే" అని ముందే రాయించుకోవాలి. లోగో, లేబుల్ లాంటి డిజైన్లకి అలా కాదు, రాతపూర్వకంగా రాసిచ్చేదాకా అది నీదే, రాసిచ్చిన కాగితంలో ఎన్నాళ్ళకో లేకపోతే ఐదేళ్ళకే ఇచ్చినట్టు, ఎక్కడికో లేకపోతే ఇండియాకే. నేను లోగోకి పూర్తి హక్కులు రాసిచ్చేస్తాను, రేటు అలాగే కడతాను, కానీ నా సొంత బొమ్మలు, ముగ్గులతో చేసిన సిరీస్ ఒకటుంది, దాన్ని ఎవరికీ పూర్తిగా ఇవ్వను, వాడుకోడానికి మాత్రమే ఇస్తాను. నువ్వు కూడా ఏడాదికి ఒక్కటైనా అలాంటిది నీకోసం చేసుకో, మన బొమ్మలంటే ఎందుకు ఇష్టమో మర్చిపోకుండా ఉంటాం.

సముద్రం గురించి కూడా చెప్పాలి, మన ఊళ్ళో దీనికే పేరు పోతుంది. బీచ్‌రోడ్ వైపు గోడకి ఉప్పు పట్టి ఉంటుంది, దాని మీదే వేస్తే ఒక్క వర్షాకాలంలో పెచ్చులూడుతుంది. గీకి, మంచినీళ్ళతో కడిగి, బాగా ఆరబెట్టి, ప్రైమర్ కొట్టి, బయట గోడలకి వాడే ఎమల్షన్‌తోనే వెయ్యి, ఆఖర్న క్లియర్ కోటు. కొత్త ప్లాస్టరింగ్ అయితే నెల రోజులు ఆగమను. బోర్డు ఫ్రేముకి మామూలు ఇనప మేకులు వద్దు, తుప్పు కారి నీ అక్షరాల మీదకే వస్తుంది. నేను సముద్రం వైపు గోడలకి ఏడాదికి మించి గ్యారంటీ ఇవ్వను, ఆ మాట ముందే కాగితం మీద రాస్తాను.

నాన్నగారితో వాదించకు తమ్ముడూ. ముప్ఫై ఏళ్ళు షిఫ్టులు చేసి నిన్ను చదివించిన మనిషి, ఆయన భయం నీ బొమ్మల మీద కాదు, నెలాఖరు మీద. మా నాన్న పని పోయిన రోజులు నేను చూసేను కాబట్టి ఆ భయం నాకు తెలుసు. నోట్‌బుక్ ఆయనకే ఇచ్చి లెక్కలు రాయమను. నా స్టూడియోలో మొదటి నాలుగేళ్ళూ బిల్లులు రాసింది మా నాన్నే, ఆ చేతి రాతలో బిల్లు చూసి కొంతమంది కస్టమర్లు ఈ రాత మీ బోర్డు మీద పెట్టుకోండమ్మా అనేవారు.

ఇంక ఫ్రెండు కేఫ్. ఫ్రీగా అని అనకు, బిల్లు రాయి. గోడ 19 వేలు అని పూర్తి రేటు వేసి, కింద "స్నేహితుడి డిస్కౌంట్" అని ఎంత తగ్గించాలనుకుంటే అంత రాసి, రంగుల డబ్బులు మాత్రం తప్పకుండా తీసుకో. గోడ మూలన నీ పేరూ ఫోన్ నంబరూ తెలుగులో, మనిషి కళ్ళ ఎత్తులో ఉండాలి, నేల దగ్గర కాదు. నెలకి రెండు కాఫీలు నీకు ఫ్రీ అని కూడా రాయించుకో, ఎందుకంటే కొత్త కస్టమర్ని కూర్చోబెట్టి మాట్లాడ్డానికి నీకో చోటు కావాలి, వెనకాల నీ గోడ ఉంటే నువ్వు పెద్దగా చెప్పక్కర్లేదు. లాసన్స్ బే అంటే సముద్రానికి దగ్గరే, బయట గోడా లోపల గోడా అన్నది ముందు కనుక్కో, బయటదైతే నవంబర్ వెళ్ళేదాకా, తుఫాన్ల కాలం దాటేదాకా మొదలుపెట్టకు.